తెలుగునాట లూథరు బోధ: అక్షరము, పంక్తి, పెత్తనము

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్నాదేశించిరి. ఊరిలెక్కలు వ్రాయువానికి మతచరిత్రతో నేమిపని యని కొందరనవచ్చును. జమ, ఖర్చు, నిలువ అను మూడు పద్దులును లెక్కకెంత యవసరమో చరిత్రకును అంతే యవసరము. ఒక బోధ జనులకేమి యిచ్చెను, వారినుండి యేమి కోరెను, తుదకేమి మిగిల్చెను అని విచారించుటయే నేను చేయబూనిన పని. నేను రామభక్తుల యింట పుట్టినవాడను. అయినను మన గోదావరి తీరమున భద్రాద్రి రాముని గుడి గంటతోపాటు దేవళపు గంటయు వినబడి నూటయేబది యేండ్లకు పైబడినది. ఇరుగుపొరుగు వారి చరిత్ర తెలియని పాండిత్యము సగము పాండిత్యమే.

క్రైస్తవులందరు నొక్కటే యని మనలో ననేకులు తలతురు. అది సరికాదు. శైవములో వీరశైవమువలె, వైష్ణవములో తెంగలె వడగలెలవలె క్రైస్తవములోను శాఖలు గలవు. వానిలో లూథరు శాఖ తెలుగుదేశమున మిక్కిలి వ్యాపించినది. దాని కథ మన పుస్తకములతోను, పంక్తిభోజనములతోను, పెత్తనములతోను ముడివడియున్నది.

మూలపురుషుడు, మూలసూత్రము

మార్టిన్ లూథరు 1483లో జర్మనీ దేశమందలి ఐస్లెబెన్ పట్టణమున జన్మించెను. సన్న్యసించి, విటెన్‌బెర్గు విద్యాపీఠమున శాస్త్రపాఠములు చెప్పుచుండెను. ఆ కాలమున పాపదండన తగ్గింపు పత్రములు సొమ్మునకు విక్రయింపబడుచుండెను. మోక్షము బజారు సరకగుటను సహింపలేక ఆయన 1517 అక్టోబరు 31న తొంబదియైదు వాదములను ప్రకటించెను. 1521లో వోర్మ్సు నగరమున చక్రవర్తి సభయెదుట నిలిచి తన మాటలను వెనుకకు తీసికొననని చెప్పెను. 1546లో మరణించెను.

ఆయన బోధ సారము రెండు మూడు మాటలలో చెప్పవచ్చును. మనుష్యుడు తన పుణ్యకార్యముల లెక్క చూపి దేవుని యనుగ్రహమును కొనజాలడు; విశ్వాసమువలననే, కేవల కృపవలననే అతడు నీతిమంతుడుగా నెంచబడును. ఇది మన విశిష్టాద్వైతులు చెప్పు నిర్హేతుక కృపకు దగ్గరగా నున్నదని చదువరులు గ్రహింపగలరు. పిల్లికూన తల్లినోట నుండునట్లు జీవుడు భగవంతుని చేత నుండునని తెంగలె సంప్రదాయమువారు చెప్పుదురుగదా! రెండవది, విశ్వసించినవారందరును యాజకులే. గురువునకు పని వేరుగాని జాతి వేరుకాదు. మూడవది, వేదవాక్యము ప్రతివానికి వాని యింటిభాషలో నందవలెను. ఆ కారణముననే ఆయన 1522లో క్రొత్త నిబంధనను, 1534లో సంపూర్ణ బైబిలును జర్మను భాషలో వెలువరించెను. ఆ కాలమున పూజలో రసపాత్ర గురువులకు మాత్రమే దక్కెడిది, జనులకు రొట్టె మాత్రమే. పాత్రయు అందరికిని ఈయవలెనని లూథరు 1520లోనే వాదించెను. ఈ పాత్ర మాట చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పనియున్నది.

గ్రంథాలయ సభ్యులు ప్రత్యేకముగా నెరుగదగిన సంగతి యొకటి కలదు. 1524లో లూథరు జర్మను పట్టణముల సభాసదులకు ఒక విజ్ఞాపన వ్రాసి, బాలురకును బాలికలకును పాఠశాలలు పెట్టుడని కోరెను. ఆ విజ్ఞాపన చివర, ఖర్చునకు వెనుదీయక మంచి గ్రంథాలయములు స్థాపింపవలెననియు, పనికిమాలిన పుస్తకములతో నింపక ఏరి కూర్చవలెననియు హితవు చెప్పెను. నాలుగు వందల యేండ్ల తరువాత తెలుగుదేశమున గ్రంథాలయోద్యమ నాయకులు చెప్పినదియు ఇదియేకదా!

అయితే గుణముతోపాటు దోషమును చెప్పవలెను. 1525లో జర్మను రైతులు వెట్టిచాకిరిని, అన్యాయపు పన్నులను తొలగింపుడని పండ్రెండు కోరికలు వ్రాసి తిరుగబడిరి. క్రీస్తు అందరిని విడిపించెను గనుక మేము దాసులము కామని వారి వాదము. లూథరు మొదట ప్రభువులను మందలించినను, తిరుగుబాటు ముదిరినపుడు రైతులను కఠినముగా అణచివేయుడని వ్రాసెను. ఆత్మరాజ్యము వేరు, లోకరాజ్యము వేరు. ఆత్మలోని సమత్వమును దేహమునకు అన్వయింపరాదని ఆయన మతము. అంత్యదశలో యూదులపై వ్రాసిన నిందాగ్రంథము మరియొక మచ్చ. 1984లో ప్రపంచ లూథరను సమాఖ్య ఆ మాటలను త్రోసివేసినది. ఈ రెండు రాజ్యముల సిద్ధాంతమే తరువాత హిందూదేశమున కులప్రశ్నతో ఢీకొనెను.

తెలుగు అచ్చునకు తొలి పుటలు

1706లో డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్కు పంపగా జీగన్‌బాల్గు, ప్లూట్షౌ అను ఇరువురు జర్మను గురువులు తరంగంబాడి చేరిరి. వారి వెనుక 1719లో బెంజమిన్ షుల్జు వచ్చెను. ఇతడు తరువాత మదరాసు పోయి, అచటి తెలుగువారివద్ద మనభాష నేర్చి, వ్యాకరణము వ్రాసి, బైబిలును తెనిగించెను. ఆ బైబిలు అచ్చుకాలేదు. 1743లో స్వదేశమునకు మరలిన పిదప హాలె పట్టణమున తెలుగక్షరములు పోతపోయించి, 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న పుస్తకములను ముద్రింపించెను. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములుగా పండితులు వీనిని పరిగణింతురు. వానిలో నొకటి లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరావళికి తెలుగు.

నన్నయ కాలమునుండి ఏడువందల సంవత్సరములు తాటాకుపై గంటముతో సాగిన సరస్వతికి కాగితముపై అచ్చు తొలుత లభించినది గోదావరి తీరమున గాదు, కృష్ణాతీరమున గాదు, సముద్రముల కవతల నొక జర్మను పట్టణమున. తాళపత్రము నకలు వ్రాయించుకొనుటకు ధనము కావలెను, కులము కావలెను. అచ్చుపుస్తకము వెలయిచ్చిన యెవనికైన చిక్కును. ఈ భేదము సామాన్యమైనది కాదు.

గుంటూరు, పలనాడు, రాజమహేంద్రవరము

అమెరికా లూథరనుల పక్షమున జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు 1842 జూలై 31న గుంటూరు చేరెను. ఈయన 1793లో జర్మనీలో జన్మించి బాల్యమున అమెరికా వలసపోయినవాడు. గుంటూరు కలెక్టరు స్టోక్సుగారు ఆయనకు ఆశ్రయమిచ్చిరి. పదియేండ్లకు ముందే నందననామ సంవత్సరపు కరువు ఆ మండలమును శ్మశానము చేసియుండెను. హయ్యరు బడులు పెట్టెను. నడుమ స్వదేశమునకు పోయి వైద్యము చదివి పట్టము పొంది 1848లో మరల వచ్చెను. మరుసటి సంవత్సరము పలనాటికి పోయి గురజాలలో కాపురముండెను.

గురజాల పేరు వినగనే మనకు పలనాటి వీరచరిత్ర స్ఫురించును. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు తినిపించెననియు, మాలకన్నమదాసును కొడుకుగా పాటించి సేనానిగా నిలిపెననియు ఆ కథ చెప్పుచున్నది. ఏడువందల యేండ్ల తరువాత అదే నేలపై మరియొక ఒక్కపంక్తి బోధ వచ్చెను. వచ్చునప్పటికి ఆ చాపకూడు పాటలలో మాత్రమే మిగిలియుండెను. మతము చెప్పిన సమత్వము ఊరిలో ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్న బ్రహ్మనాయునికిని వర్తించును, హయ్యరునకును వర్తించును.

రాజమహేంద్రవరమున ఉత్తర జర్మను సంఘమువారు పెట్టిన మిషను 1850 ప్రాంతమున అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. అమెరికాలో అంతర్యుద్ధము జరిగి సొమ్మును మనుష్యులును కొరవడగా 1869లో ఆ మిషనును ఆంగ్లికను సంఘమున కప్పగింప తలచిరి. అప్పటికి డెబ్బదియారేండ్ల ముదుసలియైన హయ్యరు తానే పోయెదనని లేచి, సముద్రము దాటి, రాజమహేంద్రవరమును నిలిపి పోయెను. 1873లో ఫిలడెల్ఫియాలో కన్నుమూసెను.

1883లో గుంటూరు వచ్చిన వైద్యురాలు అన్నా సారా కుగ్లరు 1898లో స్త్రీల వైద్యశాల తెరచెను. పురుషవైద్యుని ముఖము చూడరాదను ఆచారముచే ప్రసవవేదనలో ప్రాణములు విడుచు అగ్రవర్ణ స్త్రీలును, పల్లెనుండి వచ్చిన కూలి స్త్రీలును అచ్చట చికిత్స పొందిరి. ఆమె 1930లో గుంటూరులోనే మరణించెను. 1885లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ కళాశాలయు, రాజమహేంద్రవరము చెంత విశ్రాంతిపురము క్షయ వైద్యశాలయు ఈ శాఖవారి సంస్థలే. మహాకవి గుఱ్ఱము జాషువ గుంటూరులో లూథరనుల ఉపాధ్యాయ శిక్షణాలయమున పదియేండ్లు పనిచేసెను. 1941లో గబ్బిలము వెలువరించిన ఆ చేతికి బలపము పట్టుకొను స్వేచ్ఛ పల్లెబడులు లేనిచో దొరకెడిదా యని ఆలోచింపవలెను.

పాత్ర యొక్కటే, పంక్తులెన్ని?

ఇక అసలు విషయమునకు వత్తము. లూథరు జనులందరికి పాత్ర ఇప్పించెను. ఆ పాత్ర హిందూదేశమున కులము నెదుర్కొనెను. మాల త్రాగిన పాత్ర మాదిగ త్రాగునా, వారు త్రాగినది కమ్మవారు, రెడ్లు త్రాగుదురా?

తమిళనాట ఈ ప్రశ్నపై పెద్ద తగవు జరిగెను. ఆంగ్లికను బిషప్పు డేనియల్ విల్సను 1833లో సంఘమునుండి కులమును నిశ్శేషముగా తొలగింపవలసినదని ఆజ్ఞాపించెను. 1850లో మదరాసు మిషనరీల సభ సహపంక్తి భోజనమునే పరీక్షగా పెట్టెను. లైప్సిగు లూథరనులు మాత్రము, కులము లోకరాజ్యమునకు చెందిన ఆచారము, నెమ్మదిగా దానంతటదియే పోవలెను, బలవంతము కూడదు అనిరి. వారి అధిపతి గ్రౌలు గొప్ప తమిళ పండితుడు. అతని వాదమున కొంత వివేకము లేకపోలేదు. కాని ఫలితమేమి? దేవళములో వేరువేరు స్థలములు స్థిరపడెను. రైతుల విషయమున లూథరు వాడిన కొలబద్దనే శిష్యులు కులము విషయమున వాడిరి. దానికి సమ్మతింపక ఆక్సు అను లైప్సిగు గురువు విడిపోయి డేనిషువారితో కలసి మరియొక సంఘమును స్థాపించెను. సిద్ధాంతభేదము గ్రంథములలో మాత్రమే యుండదు, అన్నపు విస్తరియొద్ద బయటపడును.

తెలుగునాట అమెరికా లూథరనులు కులభేదమును సిద్ధాంతరీత్యా అంగీకరింపలేదు. అయినను సంఘములో చేరినవారు అధికముగా మాలలు, తరువాత మాదిగలు. ఊరి కట్టుబాటు చొప్పున మాలపల్లె వేరు, మాదిగగూడెము వేరు. అందుచే దేవళములును వేరువేరుగా లేచెను. 1930 ప్రాంతమున కొందరు సవర్ణులును చేరిరి. అటుపై చర్చ క్రొత్తరూపు దాల్చెను. రాజమహేంద్రవరము లూథర్‌గిరిలో స్త్రీల బైబిలు పాఠశాలకు అధిపతురాలై, క్రైస్తవాశ్రమములు నడిపిన బి. వి. సుబ్బమ్మగారు 1970లో ఒక ఆంగ్లగ్రంథము ప్రకటించిరి. సవర్ణుడు క్రీస్తును నమ్ముటకు తన బంధువర్గమును, ఇంటి ఆచారమును విడువనక్కరలేదని ఆమె వాదము. ఆమెయు సవర్ణ కుటుంబమునుండి వచ్చినవారే. ఇది తలుపు తెరచుటయా, కులమునకు దేవళములో పీట వేయుటయా యని విమర్శకులు ప్రశ్నించిరి. రెండు పక్షములందును సత్యముకలదు. తలుపు ఇరుకైనచో ఎవరును రారు. వచ్చినవారు గోడలతో సహా వచ్చినచో ఇల్లు మిగులదు.

మరియొక వైపున, మదరాసులోని గురుకుల లూథరను వేదాంత కళాశాలలో అరవింద నిర్మలుగారు దళిత వేదాంతమను క్రొత్త శాఖను పెంపొందించిరి. బ్రాహ్మణ తత్త్వశాస్త్రముతో క్రైస్తవమును సమన్వయపరచుటయే ఘనకార్యమని అంతవరకు తలచిన పండితులను ఆయన నిలదీసిరి. దేవళమున కూర్చున్నవారిలో అత్యధికులు అస్పృశ్యతను అనుభవించినవారైనపుడు వేదాంతము వారి అనుభవమునుండి యేల పుట్టరాదు? 2009లో బాంకాకు నగరమున ప్రపంచ లూథరను సమాఖ్యయు ప్రపంచ సంఘముల మండలియు కలసి దళితుల న్యాయమునకై మహాసభ జరిపెను. దాదాపు అయిదువందల యేండ్లనాటి రెండు రాజ్యముల గోడకు ఇచ్చట గట్టిగా గండిపడెనని నా యభిప్రాయము.

సంఘముల యేకత, మన ప్రాంతము

1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘము స్వతంత్ర నిబంధనావళితో ఏర్పడెను. 1947లో ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు కలసి దక్షిణ ఇండియా సంఘము నేర్పరచినపుడు లూథరనులు వెలుపలనే యుండిరి. సంస్కారభోజనమున క్రీస్తు నిజముగా నున్నాడను విశ్వాసము స్పష్టముగా వ్రాయబడవలెననియు, బిషప్పు పరంపర సంఘమునకు ప్రాణమని ఒప్పుకొనజాలమనియు వారి అభ్యంతరములు. 1999 అక్టోబరు 31న ఆగ్సుబర్గులో రోమను కతోలికులును లూథరనులును నీతిమంతునిగా నెంచబడుట యను మూలసూత్రముపై ఉమ్మడి ప్రకటన చేసిరి. నాలుగున్నర శతాబ్దముల వ్యాజ్యమునకు అది రాజీపత్రము వంటిది. స్త్రీలకు గురుదీక్ష నిచ్చుటయు మన తెలుగు లూథరనులలో ఆ దశాబ్దముననే సాధ్యమయ్యెను. అందరును యాజకులే యన్న మాటకు స్త్రీలు దాదాపు అయిదువందలయేండ్లు వేచియుండవలసివచ్చెను!

మన ఖమ్మము, డోర్నకలు ప్రాంతము దక్షిణ ఇండియా సంఘపు క్షేత్రము. 1912లో డోర్నకలునకు అజరయ్యగారు ప్రథమ భారతీయ ఆంగ్లికను బిషప్పుగా వచ్చిరి. దుమ్మగూడెములో గోదావరి నౌకామార్గపు ఆనకట్ట పని చేయించిన ఇంజనీరు హేగుగారి ప్రోత్సాహమున 1860 ప్రాంతమున కోయల నడుమ ఆంగ్లికను మిషను మొదలయ్యెను. ఆనకట్ట పనులు 1871లో మానివేయబడెను. బడియు దేవళమును నిలిచెను. తరువాత వచ్చిన కెయిను గురువు కోయల ఆచారములను గూర్చి వ్యాసములు వ్రాసెను. సువార్తాభాగములు కోయభాషలోనికి వచ్చెను.

లూథరనులు మన యడవులకు ఉత్తరముగా దారితీసిరి. 1882లో జర్మనీలోని బ్రెక్లుము సంఘమువారు బస్తరులో ప్రవేశింపగోరి, అనుమతి దొరకక, జయపురము సంస్థానములోని కోరాపుటున స్థిరపడిరి. సాలూరు, పార్వతీపురములకును వ్యాపించిరి. నేడు భద్రాచలమున గుడ్ సమారిటన్ సువార్త లూథరను సంఘము కలదు. రాముని విగ్రహము మొదట దమ్మక్క యను అడవిబిడ్డకు కనబడెనని మన స్థలపురాణము. దేవుడు ముందుగా గూడెమునకే వచ్చునని రెండు మతములవారు నమ్మినచో, గూడెమునకు బడియు వైద్యమును రెండవ వరుసలో నేల వచ్చుచున్నవో రెండు మతములవారును చెప్పవలసియున్నది.

ధ్రువపత్రము ప్రశ్న

లెక్కలు వ్రాయువానిగా నేను మిక్కిలి దగ్గరగా చూచు సమస్య యిది. 1950లో రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించిరి, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రములలో మతము మారిన షెడ్యూల్డు కులములవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నుంచి నూటికి ఒక్కపాలు కేటాయించిరి. షెడ్యూల్డు తెగలకు మతనియమము లేదు. కావున దేవళమునకు పోవు కోయవాడు కోయవాడే. దేవళమునకు పోవు మాల మాత్రము కాగితముపై మరియొకడగుచున్నాడు. 1985లో సూసై అను చెప్పులుకుట్టు కార్మికుని వ్యాజ్యమున, మతము మారిన పిదపయు అదే తీవ్రత గల కులబాధ యున్నదని నిరూపింపవలెనని సుప్రీముకోర్టు చెప్పెను. 2007లో రంగనాథ మిశ్రా సంఘము మతనియమమును తొలగింపుమనెను. 2022లో బాలకృష్ణనుగారి అధ్యక్షతన మరియొక సంఘము నియమింపబడెను.

ఇచ్చట సంఘమువారి మెడకు రెండువైపుల ఉరియున్నది. మాలో కులము లేదన్నచో హక్కు పోవును. ఉన్నదన్నచో బోధ పోవును. నా మనవి యేమనగా, ఉన్నదానిని ఉన్నదని చెప్పుటయే బోధకు గౌరవము. రోగము దాచినవానికి వైద్యుడేమి చేయును? కులము దేవళము కల్పించినది కాదు, ఊరు అంటించినది. ఊరిలో మనమందరమును ఉన్నాము.

నిలువ

2017లో లూథరు ప్రకటనకు అయిదువందల యేండ్లు నిండినపుడు ప్రపంచ లూథరను సమాఖ్య ఆఫ్రికాలోని విండ్‌హోకు నగరమున సమావేశమై, మోక్షము గాని, మనుష్యుడు గాని, సృష్టి గాని అమ్మకపు సరకులు కావని ప్రకటించెను. 1517లో అమ్మబడినది మోక్షము. నేడు మన సరిహద్దున అమ్మకమునకు వచ్చినవి అడవియు, ఇసుకయు, కూలివాని ఓటును. పోలవరము ముంపునకై 2014లో మన మండలములు కొన్ని పొరుగు రాష్ట్రమునకు పోయెను. ఊళ్లు వదలవలసిన కోయలకు మాట సాయము చేయుట ఏ మతమువారికైనను ధర్మమే. మాటలాడవలసినచోట మౌనము వహించినందువలన 1525నాటి రైతుల శాపము తగులునని చరిత్ర హెచ్చరించుచున్నది.

ఇట్లు జమ చూడగా తెలుగునాట లూథరు బోధ అక్షరమును పూర్తిగా ఇచ్చెను, పంక్తిని సగమిచ్చెను, పెత్తనమును స్త్రీలకును మాదిగలకును ఆలస్యముగా, తగవులతో ఇచ్చుచున్నది. ఈ లెక్క ఒక్క లూథరనులది కాదు. బసవన్న శిష్యులది, రామానుజుల శిష్యులది, బ్రహ్మనాయుని వారసులది తీసి చూచినను ఇంచుమించు ఇదే నిలువ తేలును. మొదటి తరము గోడ పడగొట్టును, మూడవ తరము అదే రాతితో మరల కట్టును.

చదువరులారా! మన గ్రంథాలయపు బల్లపై ఇరువదియైదేండ్లుగా ఒకే వార్తాపత్రికను పెద్దవీధివాడు చదివి పెట్టినపిదప పల్లెవాడు చదువుచున్నాడు, పల్లెవాడు మడిచిపెట్టినది పెద్దవీధివాడు విప్పుచున్నాడు. చేయిమారినందున అక్షరము మైలపడలేదు. ఈ పాటి పంక్తి మన ఊరిలో మరి రెండు మూడుచోట్ల, మంచినీటి బావియొద్దను, పెండ్లి పందిరిలోను, కాటిదారిలోను సాధ్యమగునేమో రజతోత్సవ సభవారు ఆలోచింపవలెనని వినయపూర్వకముగా కోరుచున్నాను.